కోత లేని అపెండిక్స్

అపెండిక్స్ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న మా వీధి చివరాయనకు ఆ ఆపరేషన్ జరిగిందని తెలిసి, నర్సమ్మను కదా, పలకరించకపోతే బాగోదని వెళ్లాను. ఆయన బనీను పైకెత్తి మరీ కుట్లు చూపించాడు. వాటి వంక చూస్తుంటే నా మొహం ఎలా మారిందో ఏమో, ఆయన భార్య కంగారుపడి, "ఏమైనా తేడాగా ఉందా అండీ?" అని అడిగింది. ఏ తేడా లేదమ్మా, కుట్లు ముచ్చటగా ఉన్నాయి అని చెప్పి, ఇచ్చిన కాఫీ సగంలో వదిలేసి వచ్చాను. చూపించుకోవడానికి ఆయనకు కుట్లయినా ఉన్నాయి.

నర్సింగ్ ముగించి దుబాయ్ విమానం ఎక్కడానికి తయారవుతున్న అమ్మాయిలూ, ఇది మీకోసం రాస్తున్నాను. అక్కడ ఎండలెలా ఉంటాయో, డ్యూటీలెలా ఉంటాయో, బంగారం ఏ వీధిలో కొనాలో చెప్పడానికి మీకు అక్కలూ వదినలూ బోలెడుమంది ఉంటారు. వాళ్లెవరూ చెప్పని సంగతి నేను చెబుతాను. విన్నాక నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

నాది కోనసీమ. షార్జాలో ఒక మామూలు ప్రైవేటు ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు చూసేదాన్ని. రిటైరయింది కూడా అక్కడే. షార్జా అంటే మా ఊళ్లో ఎవరికీ ఆనదు కాబట్టి నేను దుబాయ్ సిస్టర్‌గానే చలామణి అయ్యాను. వార్డులో మలయాళీలు, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, తెలుగువాళ్లం ఇద్దరు ముగ్గురం ఉండేవాళ్లం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో అరబ్బుల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎక్కువ. మన గోదావరి వాళ్లు, శ్రీలంక వాళ్లు, ఈ మధ్యకాలంలో ఆఫ్రికా దేశాల పిల్లలు.

ఈ పనివాళ్లకు ఆడజబ్బు ఏదొచ్చినా అది ఉద్యోగానికే ఎసరు. రక్తం ఎక్కువ పోతోందని చెప్పామనుకోండి, ఇంటి యజమానురాలి కనుబొమ్మలు పైకి లేస్తాయి. ఎందుకు పోతోంది, ఎవరితో తిరిగింది అని మొదలవుతుంది. ఇంకేముంది, అనుమానాలు, అరుపులు, కొద్దిరోజులకే ఆ మనిషి చేతిలో ఇంటికి టిక్కెట్టు. అందుకని మా వార్డులో, నేను చేరకముందు నుంచే, ఒక అలవాటు ఉండేది. జబ్బు ఏదైనా సరే, ఇంటివాళ్లు అడిగితే అపెండిక్స్ అని చెప్పేయడం. అపెండిక్స్ మర్యాద గల జబ్బు. మగవాళ్లకూ వస్తుంది, మంత్రులకూ వస్తుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. కొత్తగా చేరిన నర్సుకు మందుల అల్మరా తాళం ఎక్కడుంటుందో చెప్పినట్టే ఇదీ చెప్పేవాళ్లం. ఒకసారి ఒక శ్రీలంక ఆవిడకు మేం రెండోసారి అపెండిక్స్ తీశామని చెప్పాం. ఇంటావిడ ఫోన్లో, "మీ దేశాల ఆడవాళ్లకు అవి ఎన్నుంటాయి?" అని అడిగింది. ఫోన్ పెట్టేశాక వార్డంతా పడీ పడీ నవ్వాం. మంచి పని చేస్తున్నామన్న ధీమాతోనే నవ్వాం.

ఇక అసలు సంగతికి వస్తాను. కరోనా తగ్గి, మాస్కులు తీసేయవచ్చని చెప్పిన తరువాత వచ్చిన చలికాలం అది. షార్జాలోనే అల్ నహ్దా అనే పేటలో నా ఫ్లాటుకు ప్రతి శుక్రవారం ఒక వంటావిడ వచ్చేది. పశ్చిమ గోదావరి మనిషి, ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. బీపీ చూపించుకుని, తెచ్చిన రొట్టెలు నా బల్ల మీద పెట్టి, వారానికి సరిపడా మాట్లాడి వెళ్లేది. ఆ శుక్రవారం వస్తూనే సోఫాలో కూలబడింది.

"సిస్టరమ్మా, నా వల్ల కాదండి బాబూ. మా ఇంట్లో ఇల్లు తుడిచే పిల్లుంది చూడండి, ఇథియోపియా పిల్ల, దాని పక్కన పడుకోలేకపోతన్నానండి. ఒకటే కంపు. సెంటు కొట్టుకుంటది, సాంబ్రాణి ఏసుకుంటది, గంటయ్యేసరికి మళ్లీ అదే కంపు. ఇన్నాళ్లూ మూతికి గుడ్డలుండబట్టి, కరోనా అని ఏరే గదిలో పడుకోబట్టి తెలిసింది కాదు గానండి..."

"స్నానం చెయ్యదా?"

"చెయ్యకపోవడమేటండి! రోజుకి మూడు నాలుగుసార్లు చేస్తది. పొద్దున్నే నాకంటే ముందు లెగిసి పక్కబట్టలు ఉతికేస్తది. రోజూనండి! మంచినీళ్లు మటుకు ముట్టదండి. గ్లాసుడు నీళ్లు గటగటా తాగడం నేనెప్పుడూ చూళ్లేదు. ఇదేం మనిషండి?"

నేను బీపీ పట్టీ పక్కన పెట్టేశాను. రోజూ పక్కబట్టలు ఉతకడం, నీళ్లు తాగకపోవడం. రెండూ కలిపి ఆలోచిస్తే ఎప్పుడో చదివిన ఒక జబ్బు గుర్తొచ్చింది. "ఆ అమ్మాయికి పిల్లలున్నారా?" అని అడిగాను.

"ఒకడు పుట్టి పోయాడంటండి. ఏమండీ?"

"ఈ కంపు సంగతి మేడమ్‌కు చెప్పావా?"

"చెప్పానండి." గొంతు తగ్గించింది. "ఆవిడ ఏమన్లేదండి. కాసేపు అలా చూసి, కొత్త సబ్బు తీసి ఇచ్చిందంతే."

వచ్చే శుక్రవారం ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకురమ్మన్నాను. నిజం చెప్పాలంటే నేను ఆ జబ్బును అప్పటిదాకా కళ్లతో చూడలేదు. మేం చదువుకునేటప్పుడు పుస్తకంలో అర పేజీ ఉండేది. మన దగ్గర కాన్పుకు ఆసుపత్రికి పోవడం అలవాటయ్యాక ఆ అర పేజీని ఎవరూ పట్టించుకోలేదు. అదృష్టం బాగుండి మా ఆసుపత్రిలో అప్పుడు ఒక సూడాన్ డాక్టరమ్మ ఉండేది. పొడుగాటి మనిషి, ముక్కు మీద కోపం. తన దేశంలో ఏళ్ల తరబడి ఈ ఆపరేషన్లే చేసి, అక్కడ పరిస్థితులు బాగోక వచ్చేసి, ఇక్కడ గర్భిణులకు స్కానులు చూస్తూ కూర్చుంది. నేను విషయం చెప్పగానే కుర్చీలో నిటారుగా అయింది. "తీసుకురా, ముందు తీసుకురా," అంది.

పిల్లకు పాతికేళ్లు కూడా ఉండవు. సన్నగా, పెద్ద కళ్లతో ఉంది. పరీక్ష బల్ల ఎక్కమంటే, మా బల్ల తడిసిపోతుందని, ముందు తన సంచిలోంచి రబ్బరు షీటు తీసి పరుచుకుంది. డాక్టరమ్మకు అది చాలు. గ్లవుజులు వేసుకుంటూ అరబ్బీలో ఒక్కటే అడిగింది.

"ఎన్ని రోజులు నొప్పులు పడ్డావు?"

"నాలుగు," అంది పిల్ల. "తర్వాత బాబు వచ్చాడు. చనిపోయి వచ్చాడు. అప్పటినుంచి నీళ్లు ఆగవు."

ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు. కటి ఎముక పూర్తిగా ఎదగని వయసులో పెళ్లి చేశారు. బిడ్డ తల దారిలో ఇరుక్కుపోయింది. తలకూ ఎముకకూ మధ్య మూత్రసంచి రోజుల తరబడి నలిగి, కుళ్లి, చిల్లు పడింది. ఇక ఆ మనిషికి ఆపుకోవడమనేదే ఉండదు. నిలబడినా, కూర్చున్నా, పడుకున్నా కారుతూనే ఉంటుంది. నొప్పులు మొదలైన రోజే కడుపు కోసి బిడ్డను తీయగలిగిన చోటికి చేర్చి ఉంటే బాబూ బతికేవాడు, పిల్లా బాగుండేది. కావలసిందల్లా ఒక రోడ్డు, ఒక బండి, ఒక డాక్టరు. వాళ్ల అత్తగారు, మొదటి కాన్పు ఆలస్యమే అవుతుంది, ఇంకాస్త చూద్దాం అందట. ఇంకాస్త చూద్దాం అనేవాళ్లు మన ఊళ్లలో మాత్రం లేరా?

మొగుడేమయ్యాడని అడిగితే చెయ్యి గాలిలో అలా ఊపింది. ఆ తరువాత ఏజెంటును పట్టుకుని దుబాయ్ వచ్చేసింది. వీసా కోసం రక్తం చూస్తారు, ఛాతీ ఫొటో తీస్తారు. బట్టలు తడిగా ఉన్నాయా అని చూసేవాళ్లెవరు? ఆ తరువాత కరోనా మాస్కులు కాపాడాయి. లోకమంతా మాస్కు ఎప్పుడు తీస్తామా అని చూస్తుంటే, అది తీయకూడదని మొక్కుకున్న మనిషి ఆ పిల్లొక్కతే అయి ఉంటుంది.

చిల్లు చిన్నదేనని, మూయగలనని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. పిల్లను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. "నేను చేసేది సగం పనే. మిగతా సగం గొట్టం చేస్తుంది. మూత్రసంచిలో గొట్టం పెడతాను. రెండు వారాలు పగలూ రాత్రీ అది కారుతూనే ఉండాలి. మూత్రసంచి ఒక్కసారి నిండి ఉబ్బిందంటే కుట్లు విడిపోతాయి. నీళ్లు బాగా తాగాలి. బరువెత్తకూడదు, పని చేయకూడదు. రెండు వారాలు మహారాణిలా పడుకోవాలి."

పిల్ల అంతా విని, "మేడమ్‌కు ఏం చెబుతారు?" అని అడిగింది.

"నిజమే చెబుతాం. ఇందులో నీ తప్పేముంది?"

పిల్ల బల్ల మీంచి దూకినంత పని చేసి డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "లా, లా! చెబితే నాకు ఆపరేషన్ వద్దు. ఖలాస్."

"చెప్పకండమ్మా," అని వంటావిడ అందుకుంది. "నాలుగేళ్ల నుంచీ చూత్తన్నాను కదండీ ఆ మేడమ్‌గార్ని. టేబులు మీద మరకుంటేనే ఇల్లెగిరిపోద్ది. ఇది తెలిసిందంటే పిల్లని గుమ్మంలో కూడా నిలబడనివ్వదండి. మీ ఆసుపత్రిలో అందరికీ చెప్తారు కదండీ, అపెండిక్సని. అదే చెప్పెయ్యండి, ఓ పనైపోద్ది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. మా వార్డు అలవాటు ఆవిడకు నచ్చేది కాదు. "నాకిది ఇష్టం లేదు," అంది. "కానీ జబ్బు ఆమెది. చెప్పాలో వద్దో చెప్పాల్సింది ఆమే." నేను మేడమ్‌కు ఫోన్ చేసి, ఎప్పటి పాటే పాడాను. ఆవిడ మర్యాదగానే విని, దేవుడు చల్లగా చూడాలి అంది. ఆపరేషన్ ఖర్చు ఒక ధర్మసంస్థ పెట్టుకుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు పొద్దున నేను డ్యూటీకి వచ్చేసరికి పిల్ల మంచం మీద కూర్చుని దుప్పటిని అరచేత్తో నిమురుతోంది. నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుని దుప్పటి మీద పెట్టించింది. "చూడు సిస్టర్, పొడి." ఇంకో చోట పెట్టించింది. "ఇక్కడా పొడే." ఎంతమంది తల్లుల చేతుల్లోనో బిడ్డల్ని పెట్టిన దాన్ని నేను. వాళ్ల మొహాలన్నీ చూశాను. ఒట్టి దుప్పటిని చూసుకుని అంత మురిసిపోయిన మొహం మాత్రం ఇంకెక్కడా చూడలేదు. బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

ఆ పిల్ల చేత నీళ్లు తాగించడం ఒక యజ్ఞం. గ్లాసు చూస్తేనే భయం. ఓ చిన్న గుక్క తాగేది, దుప్పటి తడిమి చూసుకునేది, మళ్లీ ఓ గుక్క. రెండు రోజులు అలా బతిమాలగా బతిమాలగా, మూడో రోజు సీసా ఎత్తి ఆగకుండా తాగింది. చూడటానికి వచ్చిన వంటావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మ నా తల్లే! ఎంత దాహం దాచుకున్నావే కడుపులో," అని కళ్లొత్తుకుంది. కంపు కంపు అని ఈసడించుకున్నది తానేనని ఆమెకు గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి పిల్ల తల దువ్వడం, అన్నం తినిపించడం అన్నీ ఆవిడే చూసుకుంది.

మిగిలిన రోజులు పిల్లను మా ఫ్లాటులో ఉంచుకుందామని అనుకున్నాం. కిటికీ పక్కన మంచం వేశాను. నీళ్ల సీసాల పెట్టెలు తెప్పించి పెట్టాను. ఐదో రోజు మేడమ్ ఫోన్ చేసింది.

"సిస్టర్, అపెండిక్స్‌కు ఇన్ని రోజులా? రమదాన్ వస్తోంది. ఇల్లంతా కడగాలి, ఇఫ్తార్‌కు మా వాళ్లందరూ వస్తారు. మా పక్కింటి పనమ్మాయికి మీ దగ్గరే ఈ ఆపరేషన్ అయింది. నాలుగో రోజుకల్లా వచ్చి గిన్నెలు తోముకుంది."

పక్కింటి అమ్మాయి నాకు బాగా గుర్తుంది. ఆమెకు జరిగిందీ అపెండిక్స్ కాదు. చిన్న చికిత్స, తొందరగా లేచి తిరిగింది. మా పాత అబద్ధాన్నే సాక్ష్యంగా తెచ్చి ఆవిడ నా నెత్తిన పెట్టింది. ఇంక నేనేం వాదిస్తాను? ఈ పిల్లకు లోపల చీము పట్టింది, రెండు వారాలు మంచం దిగకూడదు అని దాని మీద ఇంకో అబద్ధం వేశాను. "మా ఇంట్లో పడుకోనివ్వండి, తేలిక పనులే చెబుతాను, యల్లా, త్వరగా పంపండి," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి వాళ్ల డ్రైవరు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, మెతక. చేతిలో తాళాలు తిప్పుకుంటూ వార్డు బయటే నిలబడ్డాడు.

"ఇంకో పది రోజులు ఆగలేరా బాబూ?" అన్నాను.

"నేనేం జెయ్యాలె చెప్పు సిస్టర్. తోల్కరమ్మన్నది, తోల్కపోవాలె. పిల్లను సూస్తె నాకూ పానం గుంజుతుంది. గని ఉత్త చేతుల్తోని పోతె నన్ను ఊకుంటదా?"

డాక్టరమ్మ వచ్చి పిల్ల ముందు నిలబడింది. "ఇప్పుడే ఫోన్ చేసి నిజం చెప్పేస్తాను. ఒక్క మాట, సరే అను చాలు," అంది. దాదాపు బతిమాలినట్టే అంది. పిల్ల తల అడ్డంగా ఊపింది. మూత్రం పడే సంచిని తొడకు పట్టీతో కట్టుకుని, పైన వదులు పంట్లాం, దాని మీద మోకాళ్ల దాకా వచ్చే పనివాళ్ల చొక్కా వేసుకుని, అటూ ఇటూ నడిచి చూపించింది. "కనిపించదు," అంది. మాట కాస్త గర్వంగానే ఉంది. దాచుకోవడంలో ఆ పిల్లను మించిన వాళ్లు లేరు. ఆరేడేళ్లుగా ఆమె చేసిన అసలు ఉద్యోగం అదే. డాక్టరమ్మ గోడను ఒక్క గుద్దు గుద్ది వెళ్లిపోయింది.

నేను వంటావిడకు వందసార్లు చెప్పాను. నీళ్లు తాగించు, బకెట్టు ఎత్తనివ్వకు, గొట్టం మెలి పడకుండా చూడు. "మీరు బెంగపెట్టుకోకండి, బకెట్లన్నీ నేనెత్తుతాను," అంది. ఎత్తింది కూడా. రమదాన్ మొదలయ్యాక పగలు ఆ ఇంట్లో ఎవరూ నీళ్లు ముట్టరు కనుక, వీళ్లిద్దరూ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని తాగేవారట. రోజూ ఫోన్ చేసి, "పొడేనండి, పొడేనండి" అని చెప్పేది. నేను కూడా గండం గడిచిందనే అనుకున్నాను.

ఉపవాసాలు మొదలై కొద్ది రోజులే అయింది. మధ్యాహ్నం వేళ మేడమ్ మా వార్డులోకి వచ్చింది. వెనకాల పిల్ల, ఆ వెనకాల వంటావిడ. ఉపవాసంతో మేడమ్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. సంచిలోంచి చిన్న సీసా తీసి నా ముందు పెట్టింది.

"ఇది నల్ల జీలకర్ర నూనె. మా అమ్మ చేయించింది. మచ్చ పడకుండా కుట్ల మీద రాద్దామని ఇవాళ పొద్దున ఈ పిల్లను పడుకోమన్నాను. వద్దని ఏడ్చింది. నొప్పేమో అనుకుని నేనే చొక్కా ఎత్తాను. కుట్లు ఎక్కడ సిస్టర్?"

నేను సీసాను పక్కకు జరిపాను.

"కడుపు మీద చిన్న గీత కూడా లేదు. మీరు ఏం తీశారు? కడుపులో బిడ్డను తీశారా?"

మొగుడు దగ్గర లేని పనిమనిషి, దొంగచాటు గర్భస్రావం. ఆ మాట ఇంకో నోటికి వెళ్లిందంటే పోలీసులు, కేసు, జైలు. జరిగినదాన్ని దాచబోయి, జరగని నేరాన్ని పిల్ల మెడకు కట్టాం. నేను పిల్ల వైపు చూశాను. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, "చెప్పు సిస్టర్," అంది.

చెప్పాను. నాకున్న వంటింటి అరబ్బీలో, సందులు లేకుండా, అన్నీ చెప్పాను. నాలుగు రోజుల నొప్పులు, చచ్చిపోయిన బాబు, చిల్లు, రబ్బరు షీటు, దాహం, అపెండిక్స్. చెబుతూ చెబుతూ ఆవిడ మొహం ఎప్పుడు అసహ్యంగా మారుతుందా అని చూశాను. మారలేదు. ఆవిడ మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా నాన్నమ్మకు ఇదే," అంది.

నూనె సీసాను ఒళ్లోకి తీసుకుని చెప్పసాగింది.

"అప్పట్లో మాకు ఆసుపత్రులెక్కడివి? కాన్పు కాగానే మంత్రసాని లోపల ఉప్పుగడ్డలు కూరేది, మళ్లీ బిగుస్తుందని. మా నాన్నమ్మకు లోపలంతా పుండైపోయి చిల్లు పడింది. చచ్చిపోయేదాకా కారుతూనే ఉంది. మేమంతా ఆ వాసనలోనే పెరిగాం. వంటావిడ వచ్చి కంపు అని చెప్పినప్పుడు నాకు నాన్నమ్మే గుర్తొచ్చింది. ఈ రోజుల్లో కూడా ఇలాంటిది ఉంటుందని తట్టక సబ్బు ఇచ్చాను." నా వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదు? నన్ను ఏమనుకున్నారు మీరు? రెండు వారాలు కాదు, రెండు నెలలైనా మంచం మీద ఉంచేదాన్ని."

అమ్మాయిలూ, ఆవిడ ఆ మాట అన్నప్పుడు నాకు సిగ్గు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ముందే చెప్పి ఉంటే నిజంగా ఉంచేదా? ఇఫ్తార్‌కు చుట్టాలు వస్తున్నారని నాలుగో రోజు లెక్క చెప్పిన మనిషే కదా? ఏమో. ఉంచేదేమో కూడా. ఆ సంగతి తేలకుండా చేసింది మా వార్డు అలవాటు. ఆవిడను పరీక్షించకుండానే తప్పించేశాం.

మేం మాట్లాడుతుండగానే డాక్టరమ్మ వచ్చి పిల్లను లోపలికి తీసుకెళ్లింది. చాలాసేపటికి బయటికి వచ్చి చెయ్యి చాపింది. అరచేతిలో జడకు పెట్టుకునే రబ్బరు బ్యాండు ఉంది.

"మొన్న ఇఫ్తార్ రోజున," అంది. "ఇల్లంతా చుట్టాలు. పళ్లేలు పట్టుకుని వాళ్ల మధ్య తిరగాలి. తొడకు కట్టిన సంచి నిండితే పంట్లాం ఉబ్బి కనిపిస్తుందని గొట్టాన్ని మడిచి దీంతో కట్టేసింది. చుట్టాలు వెళ్లేదాకా విప్పలేదు. ఇవాళ పొద్దున్నుంచి మళ్లీ కారుతోంది."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదండీ!" అని వంటావిడ తల బాదుకుంది. "పొడేనా అంటే పొడే అందండి ఇందాక కూడా."

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. రబ్బరు షీటు మడిచి చంకలో పెట్టుకుంది. ఏడవడం లేదు. డాక్టరమ్మ మూడు నెలలు ఆగి మళ్లీ చేద్దామంది. రెండోసారి కష్టం, అయినా చేస్తానంది. మేడమ్ వెంటనే లేచి పిల్ల చేతులు పట్టుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు నిజమైనవే.

"మూడు నెలలూ మా ఇంట్లోనే ఉండు. పని వద్దు. నాన్నమ్మ గది ఖాళీగానే ఉంది. పెరట్లో విడిగా ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. భోజనం అక్కడికే పంపిస్తాను."

పిల్ల, "ఆమె ఆ గదిలోంచి బయటికి వచ్చేదా?" అని అడిగింది.

"పాపం, వచ్చేది కాదు. సిగ్గుపడేది."

పిల్ల తలూపింది. "మా ఊళ్లో నాకూ ఒక గది ఇచ్చారు మేడమ్. పశువుల పాక వెనకాల. అందులో ఉండలేకే ఇక్కడికి వచ్చాను. నాకు టిక్కెట్టు ఇప్పించండి."

ఎవరెంత చెప్పినా వినలేదు. డాక్టరమ్మ కోప్పడింది, వంటావిడ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది, మా ఫ్లాటులో మంచం ఉంది రమ్మని నేనూ అడిగాను. అందరికీ తెలిసిపోయిన చోట ఆ పిల్ల ఇక ఉండదలచుకోలేదు. వాళ్ల దేశంలోనే ఈ ఆపరేషన్ చేసే ఆసుపత్రి ఉందని, ఏ ఊరో, ఎలా వెళ్లాలో డాక్టరమ్మ చెప్పి, ఆమె చేత మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. చివర్లో, "ఈసారి కాన్పు వస్తే నొప్పుల కోసం ఆగకు. ముందే ఆసుపత్రికి పో, కోసి తీస్తారు," అంది. పిల్ల నవ్వింది. "మళ్లీ కాన్పా?" అంది.

ఆ తరువాత డాక్టరమ్మ పట్టుబట్టి కొన్ని ఆదివారాలు ఆఫ్రికా అమ్మాయిల్ని పోగేసి కూర్చోబెట్టి చెప్పింది. నొప్పులు ఒక పగలు దాటితే ఇంట్లో ఉండొద్దని, చెల్లెళ్లకు, వదినలకు ఫోన్లు చేసి చెప్పమని. ఆ మాట వాళ్ల ఇళ్లకు చేరితే ఒక్క కాన్పయినా మారుతుందని ఆవిడ ఆశ. వాళ్లలో ఇంకో ఇద్దరు రబ్బరు షీట్ల వాళ్లు బయటపడ్డారు. మా ముదీర్, అంటే మేనేజరు, వెయిటింగ్ హాల్లో వాసన వస్తోందని మిగతా పేషెంట్లు అంటున్నారని చెప్పి ఆ ఆదివారాలను ఆపించాడు. ఆయన ఇచ్చిన కారణం అదే. నేను కల్పించలేదు.

ఇంత జరిగాక వార్డులో ఆ అలవాటు పోయిందనుకుంటున్నారా? నా రిటైర్‌మెంట్ రోజున కేకు కోస్తుంటే పక్క గదిలో కొత్త నర్సు ఫోన్లో అపెండిక్స్ అంటోంది. అబద్ధాలు ఆడకండి అని నేను మీకు నీతులు చెప్పను. అక్కడ ఒక్కోసారి ఆడక తప్పదు. మీరు ఏ జబ్బు పేరు చెబితే, మీ పేషెంటుకు ఆ జబ్బుకు సరిపడా విశ్రాంతే దొరుకుతుంది. ఫోన్ ఎత్తేముందు అది ఆలోచించుకోండి. ఇంకో సంగతి. ఇంటావిడ రాక్షసి అని ముందే తేల్చేసుకోకండి, దేవత అనీ అనుకోకండి. పేషెంటు పక్కన ఇంకో గంట కూర్చుని, ఆమె చేత సరే అనిపించుకుని, చెప్పి చూడండి. మాకు ఆ గంట దొరకలేదా? దొరికింది. అపెండిక్స్ అన్న మాట చేతికి అందేలా ఉంటే ఇంకోదాని కోసం ఎవరు వెతుకుతారు?

పిల్ల వెళ్లిపోయిన మర్నాడు వంటావిడ మా ఫ్లాటుకు వచ్చింది. ఇద్దరం కలిసి కిటికీ పక్కన మంచం మడిచాం. నీళ్ల పెట్టెలు విప్పనైనా లేదు. డ్రైవరును పిలిచి, సోనాపూర్ కూలీల క్యాంపులో వాళ్ల ఊరివాళ్లకు పంచమని ఇచ్చేశాం. అతను పెట్టెలు భుజాన ఎత్తుకుని, "వస్త సిస్టర్," అని వెళ్లిపోయాడు. వంటావిడ అప్పుడు చెప్పింది. ఎయిర్‌పోర్టుకు తోడు వెళ్లింది ఆవిడే.

"లోపలికెళ్లే లైన్లో వాళ్ల దేశపామె ఒకామె కలిసిందండి. మనూరి మనిషి కనబడితే మనం మాటాడమా, అలాగే మాటాడుకున్నారు. అరబ్బీలోనే మాటాడారండి, ఇద్దరిదీ వేరే వేరే భాషంట. ఏమ్మా, ఇంత తొందరగా ఇంటికెళ్లిపోతన్నావేటి అని అడిగిందండి ఆమె."

"ఏమంది?"

వంటావిడ దుప్పటి అంచులు కలిపి పట్టుకుని అలాగే నిలబడింది.

"అపెండిక్సు అందండి."